రెట్రోపైలో గేమ్ రావట్లేదా? గేమ్‌ని కాదు, ముందు ఛార్జర్‌ని చూడండి

ముందే చెప్పేస్తున్నా, ఈ ఎపిసోడ్‌లో గేమ్‌ప్లే ఏమీ ఉండదు. పాత గేమ్స్ ఆడుకునే పెట్టెని మన చేతులతో మనమే ఎలా సెట్ చేసుకోవాలి, అది మొండికేస్తే ఎక్కడి నుంచి వెతకాలి, ఈ రెండే ఈరోజు టాపిక్.

నాకు వచ్చే మెసేజ్‌లు చాలావరకు ఒకేలా ఉంటాయి. "అన్నా, గేమ్ ఓపెన్ అవ్వట్లేదు, ఇంకో ఫైల్ ఉంటే పంపు." "అన్నా, స్క్రీన్ నల్లగా వస్తోంది, బోర్డు పోయినట్టుంది, అమ్మేయమంటావా?" నేను తిరిగి అడిగేది కూడా ఒక్కటే: "ఏ ఛార్జర్ పెట్టావు?" చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఛార్జర్‌కీ గేమ్‌కీ ఏంటి సంబంధం అంటారు. సంబంధం ఉంది. ఈ ఎపిసోడ్ మొత్తం దాని గురించే.

అసలు ఈ పెట్టె ఏంటి?

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తా. రాస్ప్‌బెర్రీ పై అంటే ఏటీఎం కార్డు సైజులో ఉండే చిన్న కంప్యూటర్. మొదటి బోర్డు 2012లో వచ్చింది. మనం ఈరోజు మాట్లాడే పై 4 మోడల్ 2019 జూన్‌లో వచ్చింది. దీని మీద రెట్రోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే అది పాత గేమ్ మెషిన్ అయిపోతుంది. "రెట్రో మీద" అని చదవకండి, రెట్రోపై అనేది పేరు.

ఇందులో మూడు పొరలుంటాయి. స్క్రీన్ మీద మీకు కనిపించే మెనూ పేరు ఎమ్యులేషన్‌స్టేషన్. దాని వెనకాల గేమ్‌ని నడిపించే ఇంజన్ రెట్రోఆర్చ్. ఆ రెట్రోఆర్చ్ లోపల ఒక్కో పాత మెషిన్‌కి ఒక్కో ముక్క ఉంటుంది, దాన్ని కోర్ అంటారు. నింటెండోకి ఒకటి, ప్లేస్టేషన్‌కి ఒకటి, నాణెం వేసి ఆడే ఆర్కేడ్ మెషిన్‌లకి ఇంకొకటి. ఆ పాత మెషిన్ లోపల చిప్‌లు ఎలా పని చేసేవో కోర్ అచ్చం అలాగే నటిస్తుంది. ఎమ్యులేషన్ అంటే అంతే.

మీ అన్నయ్యలో, బాబాయిలో చిన్నప్పుడు టీవీకి పెట్టుకుని ఆడిన వీడియో గేమ్ గుర్తుందా? క్యాసెట్ గుచ్చితే మారియో, కాంట్రా వచ్చేవి. మన దగ్గర అలా దొరికినవి ఎక్కువగా జపాన్‌లో 1983లో వచ్చిన ఫ్యామికామ్ మెషిన్‌కి కాపీలు. దాని ప్రాసెసర్ వేగం దాదాపు 1.79 మెగాహెర్ట్జ్. సూపర్ మారియో బ్రదర్స్ గేమ్ మొత్తం 40 కిలోబైట్లే. మీరు వాట్సాప్‌లో పంపే ఒక్క ఫోటో దానికంటే పెద్దది. పై 4 వేగం 1.5 గిగాహెర్ట్జ్, అలాంటి కోర్లు నాలుగు. అందుకే నింటెండో, సెగా, మొదటి ప్లేస్టేషన్ గేమ్స్ దీని మీద హాయిగా నడుస్తాయి. నింటెండో 64, డ్రీమ్‌కాస్ట్ గేమ్స్ కొన్ని బాగుంటాయి, కొన్ని తడబడతాయి. ప్లేస్టేషన్ 2 మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇది ముందే తెలిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. కొన్ని గేమ్స్ రాకపోవడం మీ సెటప్ తప్పు కాదు, బోర్డుకి అంత సత్తా లేదు, అంతే.

క్యాసెట్ ఊదడం నేర్పిన పాఠం

గేమ్ రాకపోతే అప్పట్లో ఏం చేసేవాళ్ళు? క్యాసెట్ బయటికి తీసి, కింద పిన్నుల దగ్గర ఫూ అని ఊది, మళ్ళీ పెట్టేవాళ్ళు. చాలాసార్లు వచ్చేసేది కూడా. దాంతో "ఊదితే పని చేస్తుంది" అని ఊరూరా నమ్మేశారు. అసలు సంగతేంటంటే, పిన్నులు సరిగ్గా ఆనకపోవడం వల్ల గేమ్ వచ్చేది కాదు. తీసి మళ్ళీ పెట్టినప్పుడు ఆనేవి. ఊదడం వల్ల నోటి తడి తగిలి పిన్నులు ఇంకా పాడయ్యేవి. ఊదొద్దని నింటెండో కంపెనీ కూడా చెప్పింది.

మరి ఎందుకు మోసపోయారు? ఒకేసారి రెండు పనులు చేశారు కాబట్టి. ఊదారు, తీసి పెట్టారు. ఏది పని చేసిందో తెలుసుకునే దారి లేకుండా పోయింది. ఇప్పుడు మనం చేసేది కూడా అదే. గేమ్ రాకపోతే ఒకేసారి కార్డు మారుస్తాం, కేబుల్ మారుస్తాం, సెట్టింగ్ మారుస్తాం, ఇంకో ఫైల్ డౌన్‌లోడ్ చేస్తాం. ఒకవేళ వచ్చినా ఎందుకు వచ్చిందో తెలీదు. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఆగుతుంది.

అందుకే మన రూల్ ఇది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. అది కూడా కింది నుంచి పైకి వెళ్ళాలి. ముందు కరెంటు, తర్వాత కార్డు, తర్వాత స్క్రీన్, తర్వాత కంట్రోలర్, ఆ తర్వాతే గేమ్ ఫైల్, చివర్లో సెట్టింగ్స్. కింది మెట్టు గట్టిగా లేకపోతే పై మెట్టు మీద మీరు ఎంతసేపు కష్టపడినా వేస్టే.

మొదటి మెట్టు: కరెంటు

పై 4కి కావాల్సింది 5.1 వోల్టులు, 3 ఆంప్స్ ఇచ్చే యూఎస్‌బీ-సీ అడాప్టర్. ఇక్కడే మన ఫోన్ ఛార్జర్ కథ మొదలవుతుంది. "నా దగ్గర 33 వాట్ ఛార్జర్ ఉంది, ఇంకేం కావాలి" అనుకుంటారు. ఒక్కసారి ఆ ఛార్జర్ చేతిలోకి తీసుకుని వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. ఇప్పుడే చదవండి, నేను ఆగుతా.

5 వోల్టుల దగ్గర ఎన్ని ఆంప్స్ అని రాసుంది? చాలా ఛార్జర్ల మీద 2 ఆంప్స్ అనే ఉంటుంది. మరి ఆ 33 వాట్లు ఎక్కడివి? ఫోన్, ఛార్జర్ రెండూ మాట్లాడుకుని వోల్టేజ్ 9కో 11కో పెంచుకున్నప్పుడు వచ్చేవి. పై 4 అలా మాట్లాడదు. అది 5 వోల్టులే తీసుకుంటుంది. అంటే పెట్టె మీద పెద్దగా రాసిన 33 నంబర్ దీనికి పనికిరాదు. మీరు చూడాల్సింది 5 వోల్టుల లైన్ ఒక్కటే. అక్కడ 3 ఆంప్స్ ఉండాలి.

కరెంటు సరిపోకపోతే ఏమవుతుంది? ఇక్కడ ఒక ట్రిక్ ఉంది. బోర్డు పూర్తిగా ఆగిపోదు. ఆన్ అవుతుంది, మెనూ కూడా వస్తుంది. గేమ్ మొదలై ప్రాసెసర్ మీద బరువు పడగానే వోల్టేజ్ పడిపోతుంది. 4.63 వోల్టుల కిందకి దిగితే స్క్రీన్ మీద కుడివైపు పైన పసుపు రంగులో మెరుపు గుర్తు వస్తుంది. బోర్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. సౌండ్ కీచుకీచుమంటుంది, గేమ్ నత్తలా నడుస్తుంది, ఒక్కోసారి మధ్యలో రీస్టార్ట్ అయిపోతుంది. చూసేవాళ్ళకి మాత్రం గేమ్ ఫైల్ బాలేదు అనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చెప్తా. డిగ్రీ చదివే ఒక తమ్ముడు సెకండ్ హ్యాండ్ బోర్డు కొన్నాడు. నెలల తరబడి పాకెట్ మనీ దాచుకుని కొన్న బోర్డు అది. ప్లేస్టేషన్ గేమ్ పెట్టిన ప్రతిసారీ ఆగిపోతోంది. రెండు మెమరీ కార్డులు మార్చాడు, పదిసార్లు సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేశాడు. చివరికి "అన్నా, మోసపోయాను, ఇంట్లో ఏం చెప్పాలో తెలీట్లేదు" అని నా దగ్గరికి తెచ్చాడు. నేను బోర్డుని ముట్టుకోలేదు. అతని అడాప్టర్ తీసి నా అడాప్టర్ పెట్టానంతే. ఒక గంటసేపు ఆగకుండా ఆడాం. బోర్డు బంగారంలా ఉంది. కొన్ని వేల రూపాయల బోర్డుని సగం రేటుకి అమ్మేయబోయాడు. కావాల్సింది కొన్ని వందల రూపాయల అడాప్టర్. నాకు వచ్చే మెసేజ్‌లలో ఎందరిది ఇదే కథో.

కేబుల్ కూడా చూడండి. సన్నగా, రెండు మీటర్ల పొడవు ఉన్న కేబుల్ దారిలోనే వోల్టేజ్ తినేస్తుంది. ఇంకో విచిత్రం ఏంటంటే, పై 4 మొదట్లో వచ్చిన బోర్డుల్లో యూఎస్‌బీ-సీ డిజైన్‌లో ఒక లోపం ఉండేది. ఖరీదైన ల్యాప్‌టాప్ కేబుల్ పెడితే ఆ బోర్డులు అసలు ఆన్ అయ్యేవే కాదు, మామూలు కేబుల్ పెడితే అయ్యేవి. మీరు పాత బోర్డు కొంటే ఇది గుర్తుపెట్టుకోండి.

రెండో మెట్టు: మెమరీ కార్డు

రెట్రోపై వెబ్‌సైట్‌లో రెడీమేడ్ ఇమేజ్ ఫైల్ దొరుకుతుంది. అందులో 4.8 వెర్షన్ 2022 మార్చిలో వచ్చింది. మూడు రకాలుంటాయి: మొదటి తరం బోర్డులు, జీరో కోసం ఒకటి, పై 2, 3 కోసం ఒకటి, పై 4, 400 కోసం ఒకటి. మీ బోర్డు ఏదో చూసి దానిదే తీసుకోండి. ఒకదానిది ఇంకోదానికి వేస్తే రంగురంగుల ఇంద్రధనుస్సు స్క్రీన్ దగ్గరే ఆగిపోవచ్చు. పై 5 బోర్డు 2023లో వచ్చింది, అంటే ఈ ఇమేజ్ తర్వాత. కాబట్టి దాని మీద ఈ ఇమేజ్ పని చేయదు. పై 5 ఉన్నవాళ్ళు బటోసెరా, రీకల్‌బాక్స్ లాంటివి చూడండి. అవీ ఉచితమే, దానికి విడిగా ఇమేజ్ ఇస్తున్నారు.

ఆ ఫైల్‌ని కార్డులోకి ఊరికే కాపీ చేస్తే కుదరదు. రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రామ్‌తో రాయాలి. దీనికి కంప్యూటర్ కావాలి. ఇంట్లో లేకపోతే ఫ్రెండ్ దగ్గరో, కాలేజీ ల్యాబ్‌లోనో అరగంట పని. ఈ ఒక్క పని అయిపోతే మిగతా పనులకి చాలావరకు మీ ఫోన్ చాలు. అది తర్వాత చెప్తా.

కార్డు 16 లేదా 32 జీబీ ఉంటే మొదలుపెట్టడానికి చాలు. కానీ నకిలీ కార్డులతో జాగ్రత్త. పైన 128 జీబీ అని ఉంటుంది, లోపల 8 కూడా ఉండదు. కొన్నాళ్ళు బాగానే నడిచి, నిండుతున్నప్పుడు ఫైళ్ళు మాయమవుతాయి. విండోస్‌లో హెచ్‌టూ టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రామ్ కార్డు మొత్తం రాసి, చదివి నిజం బయటపెడుతుంది. కొత్త కార్డు కొన్న రోజే ఈ పరీక్ష చేయండి, షాపు వాడికి తిరిగిచ్చే వీలు ఉంటుంది.

బోర్డు మీద రెండు లైట్లుంటాయి. ఎర్రది కరెంటుది. పచ్చది కార్డు చదువుతున్నప్పుడు ఇష్టం వచ్చినట్టు మిణుకుమిణుకుమంటుంది. పచ్చ లైట్ ఒక లెక్క ప్రకారం ఆగి ఆగి వెలుగుతుంటే లెక్కపెట్టండి. బోర్డు మీతో మాట్లాడుతోంది. 4 సార్లు అంటే బూట్ అవ్వడానికి కావాల్సిన ముఖ్యమైన ఫైల్ కార్డులో దొరకలేదని. 7 సార్లు అంటే కెర్నల్ దొరకలేదని. రెండిటికీ మందు ఒకటే, ఇమేజ్‌ని మళ్ళీ రాయడం. అప్పటికీ అలాగే ఉంటే వేరే కార్డు. చూశారా, టీవీ పెట్టకుండానే సమస్య సగం తెలిసిపోయింది.

మూడో మెట్టు: స్క్రీన్

ఎర్ర లైట్ ఉంది, పచ్చది కులాసాగా మిణుకుతోంది, కానీ టీవీలో ఏమీ లేదు. అంటే బోర్డు బతికే ఉంది, బొమ్మ చేరట్లేదు. పై 4కి రెండు మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టులుంటాయి. పవర్ పోర్టు పక్కనే ఉన్నదాంట్లో పెట్టండి, అదే మొదటిది. టీవీ ముందు ఆన్ చేసి, హెచ్‌డీఎంఐ ఛానెల్‌కి మార్చి, ఆ తర్వాత బోర్డుకి కరెంటు ఇవ్వండి. చాలా టీవీలకి ఇంతే సరిపోతుంది.

ఇంకా రాకపోతే కార్డుని కంప్యూటర్‌లో పెట్టి, కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్ తెరవండి. అందులో హెచ్‌డీఎంఐ ఫోర్స్ హాట్‌ప్లగ్ అనే లైన్ ముందు ఒక హ్యాష్ గుర్తు ఉంటుంది. ఆ గుర్తు తీసేస్తే లైన్ పని చేయడం మొదలవుతుంది. టీవీ ఉందో లేదో అని చూడకుండా బోర్డు బొమ్మ పంపేస్తుంది. బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే అదే ఫైల్‌లో హెచ్‌డీఎంఐ డ్రైవ్ లైన్ ముందు హ్యాష్ తీసి విలువ 2 ఉండేలా చూడండి. కొన్ని టీవీలని, మానిటర్లని బోర్డు సౌండ్ లేని పాత రకం అనుకుంటుంది. ఈ లైన్ ఆ అపోహ పోగొడుతుంది.

నాలుగో మెట్టు: కంట్రోలర్

మొదటిసారి మెనూ రాగానే కంట్రోలర్‌లో ఏదో ఒక బటన్ నొక్కి పట్టుకోమంటుంది. తర్వాత ఒక్కో బటన్ అడుగుతుంది. మీ కంట్రోలర్‌లో లేని బటన్ అడిగితే ఉన్న ఏ బటన్ అయినా కాసేపు నొక్కి పట్టుకోండి, దాటేస్తుంది. తప్పు నొక్కేశారా? కంగారు పడకండి, స్టార్ట్ మెనూలోకి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చేసుకోవచ్చు.

చివర్లో హాట్‌కీ అని అడుగుతుంది. దానికి సెలెక్ట్ బటన్ పెట్టండి. ఇది చాలా ముఖ్యం. సెలెక్ట్ పట్టుకుని స్టార్ట్ నొక్కితే గేమ్ నుంచి బయటికి వస్తారు. ఇది తెలీక గేమ్‌లోంచి బయటికి రాలేక ప్లగ్గు పీకేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అలా పీకితే ఏమవుతుందో కాసేపట్లో చెప్తా.

తక్కువ ధర కంట్రోలర్లలో కొన్నిటికి వెనక ఎక్స్, డీ అని చిన్న స్విచ్ ఉంటుంది. బటన్లు పిచ్చిపిచ్చిగా పని చేస్తుంటే ముందు ఆ స్విచ్ మార్చి మళ్ళీ సెట్ చేయండి. వైర్‌లెస్ కంట్రోలర్ సిగ్నల్ తెగిపోతుంటే దాని రిసీవర్‌ని నీలం రంగు పోర్టు నుంచి తీసి నల్ల రంగు పోర్టులో పెట్టండి. నీలం పోర్టు యూఎస్‌బీ 3. అందులో డేటా వేగంగా వెళ్తున్నప్పుడు పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కి అడ్డం పడుతుంది.

ఐదో మెట్టు: గేమ్ ఫైళ్ళు, మీ ఫోన్ సాయం

"మెనూలో రెట్రోపై అనే ఒక్క ఐకాన్ తప్ప ఏమీ లేదు, ఇన్‌స్టాల్ ఫెయిల్ అయింది" అంటారు. ఫెయిల్ అవ్వలేదు. ఫోల్డర్‌లో గేమ్ ఉంటేనే ఆ మెషిన్ పేరు మెనూలో కనిపిస్తుంది. ఖాళీ ఫోల్డర్లని అది చూపించదు.

గేమ్స్ ఎక్కించడానికి కంప్యూటర్ అక్కర్లేదు. ఫ్యాట్32లో ఉన్న ఒక పెన్‌డ్రైవ్ తీసుకుని, ఓటీజీతో ఫోన్‌కి పెట్టి, అందులో రెట్రోపై అనే పేరుతో ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఫోల్డర్ చేయండి. దాన్ని బోర్డుకి గుచ్చి కొన్ని నిమిషాలు వదిలేస్తే లోపల కావాల్సిన ఫోల్డర్లన్నీ అదే తయారు చేస్తుంది. మళ్ళీ ఫోన్‌కి పెట్టి, గేమ్స్‌ని వాటి వాటి ఫోల్డర్లలో వేసి, తిరిగి బోర్డుకి గుచ్చండి. పెన్‌డ్రైవ్ లైట్ మిణకడం ఆగాక తీసేసి, మెనూని రీస్టార్ట్ చేయండి. వచ్చేస్తాయి.

వైఫై కావాలంటే మీ ఫోన్ హాట్‌స్పాట్ చాలు. కనెక్ట్ అవ్వకపోతే రెండు చూడండి. ఒకటి, బోర్డు సెట్టింగ్స్‌లో వైఫై దేశం ఇండియా అని పెట్టారా? రెండు, హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉందా? పై 3 బీ లాంటి పాత బోర్డులకి 2.4 మాత్రమే వస్తుంది. నెట్‌వర్క్‌కి కలిపాక పాస్‌వర్డ్ మార్చుకోండి. అందరి రెట్రోపైకీ మొదట ఉండే పాస్‌వర్డ్ ఒకటే, అది లోకమంతా తెలుసు.

ఇప్పుడు అందరూ అడిగే గేమ్ దగ్గరికి వద్దాం. ముస్తఫా! వీడియో గేమ్ షాపుల్లో రూపాయి బిళ్ళలు వేసి ఆడినవాళ్ళందరికీ ఆ పేరే తెలుసు. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. ముస్తఫా అందులో పసుపు టోపీ పెట్టుకున్న హీరో పేరు మాత్రమే. ఆర్కేడ్ గేమ్స్ దగ్గర జనం ఎక్కువగా పడిపోయే గుంట ఇదే: ఆర్కేడ్ గేమ్ ఫైల్ జిప్‌లో ఉంటే జిప్‌లోనే ఉంచాలి. విప్పకూడదు, పేరు మార్చకూడదు. లోపల అసలు మెషిన్‌లోని ఒక్కో చిప్‌కి ఒక్కో ఫైల్ ఉంటుంది. కోర్ జిప్ పేరు చూసి గేమ్‌ని గుర్తుపడుతుంది. పైగా వెర్షన్ కలవాలి. మేమ్ 2003 అనే కోర్‌కి 0.78 సెట్ ఫైళ్ళే కావాలి. ఎఫ్‌బీ నియో కోర్‌కి దాని కొత్త సెట్ కావాలి. మీ ఫైల్ మంచిదే, కోర్ కూడా మంచిదే, కానీ జత కుదరకపోతే నల్ల స్క్రీన్ వచ్చి మెనూకి తిరిగొచ్చేస్తుంది. నియో జియో గేమ్స్‌కైతే దాని బయోస్ జిప్ కూడా అందుబాటులో ఉండాలి.

ప్లేస్టేషన్ గేమ్స్‌లో ఇంకో తంతు. బిన్, క్యూ అని రెండు ఫైళ్ళుంటాయి. క్యూ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపల బిన్ ఫైల్ పేరు రాసుంటుంది. మీరు బిన్ పేరు మార్చి ఇక్కడ మార్చకపోతే గేమ్ రాదు. లైనక్స్‌కి పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు వేరువేరు. విండోస్‌లో నడిచిన పేరు ఇక్కడ నడవకపోవచ్చు. అక్షరం అక్షరం పోల్చి చూడండి.

మరి ఈ ఫైళ్ళు ఎక్కడ దొరుకుతాయి? లింకులు అడగకండి, ఇవ్వను. పాతవైనా ఈ గేమ్స్‌కి కాపీరైట్ ఉంది. బయోస్ ఫైళ్ళకీ ఉంది. ముస్తఫా విషయంలో బాధ నాకూ ఉంది. 2018లో క్యాప్కామ్ 7 పాత ఫైటింగ్ గేమ్స్ కలిపి ఒక బండిల్ అమ్మింది, అందులో ఇది లేదు. అయినా రూల్ రూలే. కానీ చట్టబద్ధంగా ఆడుకోవడానికి చాలానే ఉన్నాయి. కేవ్ స్టోరీ అనే అద్భుతమైన గేమ్‌ని జపాన్‌లో ఒకే ఒక్క మనిషి చేసి 2004లో ఫ్రీగా ఇచ్చాడు. రెట్రోపై సెటప్‌లో ఆప్షనల్ ప్యాకేజీల్లోకి వెళ్తే అది, డూమ్ షేర్‌వేర్ భాగం ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ అనే గేమ్‌ని పాత నింటెండో కోసమే కొత్తగా చేశారు, మారియో లాగే 40 కిలోబైట్లలో. దాని ఫైల్ కొనుక్కుని నలుగురు కలిసి ఆడుకోవచ్చు.

ఇందులో ఇంకో లాభం ఉంది. కేవ్ స్టోరీ లాంటి గేమ్‌ని మెనూ నుంచి ఇన్‌స్టాల్ చేస్తే ఫైల్ ఖచ్చితంగా మంచిదే. అది నడిచిందంటే మీ కరెంటు, కార్డు, స్క్రీన్, కంట్రోలర్ నాలుగూ బాగున్నట్టే. ఆ తర్వాత వేరే గేమ్ రాకపోతే తప్పు ఆ ఫైల్‌దో, దాని కోర్‌దో అని ధైర్యంగా చెప్పొచ్చు. అందుకే మొదటి టెస్ట్ ఎప్పుడూ దీంతోనే చేయండి.

మన కష్టం కరెంటు పాలు కాకుండా

ఇది జాగ్రత్తగా వినండి. గేమ్ లోపల సేవ్ చేశారు, స్క్రీన్ మీద "సేవ్ అయింది" అని వచ్చింది. నిజంగా కార్డులో సేవ్ అయిందా? కాలేదు! పాత క్యాసెట్లలో సేవ్ చేసేందుకు లోపల చిన్న బ్యాటరీతో మెమరీ ఉండేది. రెట్రోఆర్చ్ ఆ మెమరీని నటిస్తుంది. మామూలు సెట్టింగ్‌లో దాన్ని కార్డులోకి రాసేది మీరు గేమ్ నుంచి సరిగ్గా బయటికి వచ్చినప్పుడే. మధ్యలో కరెంటు పోయినా, మీరు ప్లగ్గు పీకినా ఆ రోజు ఆడిందంతా గోవిందా. ఎండాకాలం మన ఊళ్ళలో కరెంటు సంగతి తెలిసిందే కదా. ఇరవై గంటల ఆట ఒక్క క్షణంలో పోతే కన్నీళ్ళొస్తాయి.

మందు ఉంది. రెట్రోపై మెనూలో రెట్రోఆర్చ్ తెరవండి. సెట్టింగ్స్, సేవింగ్, అందులో సేవ్‌ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వల్. అది ఆఫ్‌లో ఉంటుంది, 10 లేదా 30 సెకన్లు పెట్టండి. తర్వాత మెయిన్ మెనూకి వచ్చి కాన్ఫిగరేషన్ ఫైల్‌లో సేవ్ కరెంట్ కాన్ఫిగరేషన్ నొక్కండి. ఇది నొక్కకపోతే మీరు మార్చింది ఉండదు, రెట్రోపై దానంతట అది దాచుకోదు.

ఇంకా, సెలెక్ట్ పట్టుకుని ఆర్1 నొక్కితే ఉన్న చోటే స్టేట్ సేవ్ అవుతుంది, ఎల్1 నొక్కితే తిరిగొస్తుంది. కానీ ఒక్క దాని మీదే ఆధారపడకండి. కోర్ అప్‌డేట్ అయితే పాత స్టేట్ తెరుచుకోకపోవచ్చు. గేమ్ లోపలి సేవ్ కూడా చేసుకుంటూ ఉండండి. ఆ సేవ్ ఫైళ్ళు గేమ్ పక్కనే అదే ఫోల్డర్‌లో ఉంటాయి. చాలావరకు కొన్ని కిలోబైట్లే. నెలకోసారి మీ ఫోన్‌లోకి కాపీ చేసుకోండి. ఆపేటప్పుడు మెనూలో స్టార్ట్ నొక్కి, క్విట్, షట్‌డౌన్. పచ్చ లైట్ ఆగాకే ప్లగ్గు తీయండి. కార్డులు పాడవడానికి పెద్ద కారణం ఈ ఆఖరి పది సెకన్ల తొందరే.

చివరి మెట్టు: వేడి, ఆలస్యం

పై 4 లోపల వేడి 80 డిగ్రీలు దాటితే అది తన వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో రామగుండంలో గది వేడే ఎంతుంటుందో ఊహించండి. ప్లాస్టిక్ డబ్బాలో మూసేయకుండా హీట్‌సింక్ ఉన్న కేస్ పెట్టండి. మొదటి పది నిమిషాలు బాగా ఆడి తర్వాత స్లో అవుతుంటే అనుమానించాల్సింది వేడిని. మొదటి నుంచీ స్లోగా ఉండి మెరుపు గుర్తు వస్తుంటే కరెంటుని.

బటన్ నొక్కాక మారియో ఆలస్యంగా ఎగురుతున్నాడా? బోర్డుని తిట్టకండి. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. బొమ్మని అందంగా చేయడానికి టీవీ తీసుకునే టైమే ఆ ఆలస్యం.

అదండీ సంగతి. ఒక పాత నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. ఏం మార్చారు, ఏం జరిగింది, ఒక్కో లైన్ రాయండి. ఇంకోసారి ఆగినప్పుడు ఆ పేజీ మీకు నాకంటే బాగా చెప్తుంది. నాకు మెసేజ్ పెట్టాలనుకుంటే మాత్రం నాలుగు విషయాలు రాయండి: ఏ బోర్డు, అడాప్టర్ మీద 5 వోల్టుల దగ్గర ఎన్ని ఆంప్స్, పచ్చ లైట్ ఎలా మిణుకుతోంది, కేవ్ స్టోరీ నడిచిందా లేదా. అవి రాస్తుండగానే చాలామందికి జవాబు వాళ్ళకే దొరికిపోతుంది. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.